కొత్త పంప్ షాట్‌గన్: తుపాకి ఫ్రీ కావడం, చేయి తిరగడం

కొత్త మోటార్ సైకిల్‌ను మొదటి సర్వీసుకు తీసుకెళితే మెకానిక్ అనే మాట ఒకటుంది: "బండి ఇంకా ఫ్రీ కాలేదు." పిస్టన్, సిలిండర్ ఒకదానితో ఒకటి ఒరుసుకుని సర్దుకునేదాకా ఇంజన్‌ను తొందరపెట్టకూడదని దాని అర్థం. అమెరికాలో కొత్తగా పంప్ షాట్‌గన్ కొన్నవాళ్లకు కూడా దాదాపు ఇలాంటి సలహాలే దొరుకుతాయి. ఇన్ని వందల తూటాలు కాల్చాలంటారు, మొదట బలమైన తూటాలే వాడాలంటారు, కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ తుడవాలంటారు, రాపిడి పొడి పూసి ఆడిస్తే త్వరగా నునుపెక్కుతుందంటారు. పంప్ షాట్‌గన్ అంటే బ్యారెల్ కింద ఉన్న ముందుపిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోస్తే ఖాళీ కేసు బయటపడి, కొత్త తూటా లోపలికి చేరే తుపాకి. దాన్ని నడిపే శక్తి మొత్తం చేతిదే. కాబట్టి ఇందులో ఫ్రీ కావలసింది ఏమిటన్న ప్రశ్నకు మోటార్ సైకిల్ విషయంలో వచ్చే జవాబు రాదు. లోహం కొంత సర్దుకోవాలి, నిజమే. కానీ ఆ పని చిన్నది, చాలామటుకు తూటా ఖర్చు లేకుండానే అయ్యేది. అసలు పని రెండు చోట్ల ఉంది: లాగే చేయి తిరగాలి, ఆ ఒక్క బ్యారెల్ ఏ తూటాను ఎలా చిమ్ముతుందో యజమానికి తెలియాలి. కొత్త పంప్ తుపాకి మీద పెట్టే ఓపికలో ఎక్కువ భాగం ఈ రెండింటికీ దక్కాలన్నది ఈ వ్యాసం వాదన.

ఈ తుపాకి చరిత్రలోనే ఆ వాదనకు మొదటి ఆధారం ఉంది. వ్యాపారపరంగా నిలదొక్కుకున్న తొలి పంప్ షాట్‌గన్‌కు 1882లో క్రిస్టఫర్ స్పెన్సర్, సిల్వెస్టర్ రోపర్ పేటెంట్ తీసుకున్నారు. అమెరికా అంతర్యుద్ధంలో పేరు పడ్డ రిపీటింగ్ రైఫిల్ స్పెన్సర్‌దే. రోపర్ అంతకుముందే ఆవిరి యంత్రంతో నడిచే రెండు చక్రాల బండి తయారుచేసిన మనిషి, 1896లో అలాంటి బండి నడుపుతూనే చనిపోయాడు. మోటార్ సైకిల్‌కూ పంప్ తుపాకికీ ఒకే పెద్దదిక్కు ఉన్నాడన్నమాట. తరవాత జాన్ బ్రౌనింగ్ రూపకల్పనలతో విన్‌చెస్టర్ సంస్థ 1893, 1897 మోడళ్లు తెచ్చింది. రెండోది మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల్లోకి వెళ్లింది, 1957 దాకా తయారైంది. అదే సంస్థకు టి.సి. జాన్సన్ రూపొందించిన 1912 నాటి మోడల్ 12లో రిసీవర్‌ను, అంటే కదిలే భాగాలకు గూడైన మధ్య పెట్టెను, గట్టి ఉక్కు దిమ్మె నుంచి చెక్కేవారు, భాగాలను మనుషులు కూర్చుని అరగదీసి, చూసి, అమర్చేవారు. కూలి ధరలు పెరిగాక ఆ పద్ధతి గిట్టుబాటు కాలేదు, 1964లో మామూలు ఉత్పత్తి ఆపేశారు. అప్పటికే 1950లో రెమింగ్టన్ 870 వచ్చింది. అందులో అచ్చుల్లో ఒత్తి తీసిన భాగాలు ఎక్కువ, అదే సంస్థ సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌తో ఉమ్మడిగా వాడే భాగాలు కొన్ని. 1960ల మొదట్లో అల్యూమినియం రిసీవర్‌తో మాస్‌బర్గ్ 500 వచ్చింది. ఈ రెండూ చెరి కోటికి పైగా తయారయ్యాయి. ధర తగ్గింది, నమ్మకం తగ్గలేదు. తగ్గిందల్లా ఫ్యాక్టరీలో నునుపు చేసే చేతిపని. 1987లో వచ్చిన 870 ఎక్స్‌ప్రెస్ వంటి రకాలు మెరుగుపెట్టని గరుకు పూతతోనే బయటికి వచ్చాయి. కొత్త పంప్ తుపాకిని ఫ్రీ చేసుకోవాలన్న మాట ఇంతగా వినిపించడానికి మూలం ఇక్కడే ఉంది. ఒకప్పుడు ఫ్యాక్టరీలో కూలి ఇచ్చి చేయించిన పనిలో కొంత భాగం ఇప్పుడు కొన్నవాడి చేతికి వచ్చింది.

ఆ పని ఎంతో తెలియాలంటే ఒక్క లాగుడులో లోపల జరిగేదాన్ని దగ్గరనుంచి చూడాలి. 870నే తీసుకుందాం. తూటా పేలగానే యాక్షన్‌ను, అంటే తూటాను ఎక్కించి దించే యంత్రాంగాన్ని, పట్టి ఉంచిన తాళం విడుతుంది. ముందుపిడిని వెనక్కి లాగితే దానికి బిగించిన రెండు సన్నని ఉక్కు పట్టీలు, వాటినే యాక్షన్ బార్లు అంటారు, రిసీవర్‌లోకి జారతాయి. మొదటి కొద్దిపాటి కదలికలో, తూటా కూర్చునే గదిని (ఛాంబర్‌ను) వెనక నుంచి మూసే బోల్ట్‌లోని లాకింగ్ బ్లాక్ బ్యారెల్ తోకభాగంలోని గాడి నుంచి కిందికి దిగుతుంది. తరవాత బోల్ట్ వెనక్కి నడుస్తుంది, దాని కొక్కెం ఖాళీ కేసు అంచును పట్టి ఛాంబర్‌లోంచి లాగుతుంది. కేసు వెనక ఎడమవైపున్న ఎజెక్టర్‌ను తాకగానే కుడివైపు కిటికీలోంచి ఎగిరిపడుతుంది. లాగుడు దాదాపు పూర్తయ్యే చోట మ్యాగజీన్ గొట్టంలోని తదుపరి తూటా విడుదలై, పైకెత్తే పళ్లెం మీదికి వస్తుంది. ముందుకు తోస్తే పళ్లెం లేస్తుంది, బోల్ట్ తూటాను ఛాంబర్‌లోకి నెడుతుంది, లాకింగ్ బ్లాక్ మళ్లీ గాడిలోకి ఎక్కుతుంది. ఎజెక్టర్ తాకడం, కొత్త తూటా విడుదల కావడం అనే రెండు కీలకమైన పనులూ లాగుడు చివరి అంగుళంలోనే జరుగుతాయి. చేయి ఆ చివరి అంగుళం దాకా రాకపోతే ఖాళీ కేసు కిటికీలోనే చిక్కుకుంటుంది, లేదా ఛాంబర్ ఖాళీగా ఉండగానే బోల్ట్ మూసుకుంటుంది. దీన్ని షార్ట్ స్ట్రోక్ అంటారు. కొత్త తుపాకి ఇరుక్కుంటోందన్న ఫిర్యాదుల్లో మొదట అనుమానించవలసింది దీన్నే, ఎందుకంటే దాని లక్షణాలు యంత్రలోపపు లక్షణాల్లాగే కనిపిస్తాయి.

యంత్రాన్ని కాల్చి ఫ్రీ చేయాలన్న నమ్మకం నిజానికి రెండు వేరే ఆయుధాల నుంచి అరువు వచ్చింది. మొదటిది సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్. అందులో బోల్ట్‌ను వెనక్కి నెట్టేది తూటా వాయువో, పేలినప్పుడు తుపాకి వెనక్కి తన్నే తన్నుడో. కొత్త స్ప్రింగ్, కొత్త పూత, చిక్కటి నూనె కలిసి ఎదురొడ్డితే తేలికపాటి తూటాకు ఆ బలం చాలకపోవచ్చు. అందుకే మొదట బలమైన తూటాలు కాల్చమనడంలో అర్థం ఉంది. పంప్ తుపాకికి అలాంటి కనీస బలం అనే గీత లేదు. తూటా తేలికదైనా బరువుదైనా, చివరికి డమ్మీ తూటా అయినా చేయి ఒకేలా లాగుతుంది. రెండోది రైఫిల్. రైఫిల్ బ్యారెల్ లోపల మెలితిరిగిన గాళ్లు ఉంటాయి, బుల్లెట్ రాగి తొడుగు వాటిని ఒరుసుకుంటూ పోతుంది, అందుకే ఒక తూటా కాల్చి ఒకసారి తుడిచే ఆచారం కొందరు పాటిస్తారు. దాని వల్ల ఎంత లాభమన్నది రైఫిల్ వాళ్లలోనే తెగని తగువు. మామూలు షాట్‌గన్ బ్యారెల్‌లో గాళ్లు ఉండవు. పైగా 1960ల నుంచి సీసపు గుళ్లు ప్లాస్టిక్ కప్పులో కూర్చుని బ్యారెల్ దాటుతున్నాయి, లోహం లోహాన్ని తాకేదే తక్కువ. ఆ ఆచారాన్ని ఇక్కడికి తెస్తే మిగిలేది కాస్త ప్లాస్టిక్ మరకలు తుడిచిన అలసట మాత్రమే.

అలాగని కొత్త తుపాకిని పెట్టెలోంచి తీసి నేరుగా రేంజికి తీసుకెళ్లడం సరికాదు. ఫ్యాక్టరీలో పూసే నూనె తుప్పును ఆపడానికి పూసినది, జారుడు కోసం కాదు. గోదాములో నెలల తరబడి ఉండి అది జిగటగా మారుతుంది, చలిలో గడ్డకడుతుంది, కాలిన మందు మసిని పట్టి ఉంచుతుంది. ముందు తుపాకిలో తూటా లేదని కంటితో చూడాలి, చీకట్లోనైనా తెలిసేలా వేలితో ఛాంబర్, మ్యాగజీన్ రెండూ తడిమి చూడాలి. మ్యాగజీన్ గొట్టం కొసనున్న మూత మరను విప్పితే బ్యారెల్ ముందుకు జారి వచ్చేస్తుంది. బ్యారెల్‌ను ఛాంబర్ వైపు నుంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. తయారీలో మిగిలిన ఉక్కు రజను, గుడ్డపీలిక, ప్యాకింగ్ తునక ఏదైనా ఉంటే అక్కడే కనిపిస్తుంది. బ్యారెల్‌లో అడ్డం ఉండగా తూటా పేలితే బ్యారెల్ ఉబ్బుతుంది, పగిలినా పగులుతుంది. కాబట్టి ఈ చూపు ఏ రోజూ మానకూడనిది. పాత నూనె ద్రావకంతో తుడిచేశాక పలచటి నూనె చుక్కల లెక్కన చాలు: యాక్షన్ బార్లకు రెండు వైపులా, బోల్ట్ జారే పట్టాల మీద, ముందుపిడి జారే మ్యాగజీన్ గొట్టం వెలుపలి ముఖానికి. గొట్టం లోపల, ఛాంబర్‌లో నూనె నిలవకూడదు. బ్యారెల్ మూతిలో బిగించే చోక్ ట్యూబ్ మరలు విప్పి, వాటికి కొద్దిగా గ్రీజు రాసి, తిరిగి చివరిదాకా బిగించాలి. అది వదులుగా ఉన్నా, అసలే లేకుండా కాల్చినా మరలు పాడవుతాయి. చాలా కొత్త తుపాకుల మ్యాగజీన్‌లో ఒక చెక్క లేదా ప్లాస్టిక్ కడ్డీ ఉంటుంది. వలస పక్షుల వేటలో మూడు తూటాలకు మించి పట్టకూడదన్న అమెరికా సమాఖ్య నిబంధన కోసం పెట్టింది అది. మ్యాగజీన్‌లో రెండే పడుతున్నాయని, తుపాకి చెడిందని కంగారుపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక లోహం సర్దుకోవడం. చవకరకం పంప్ తుపాకి ఉక్కు భాగాలకు తరచూ వేసే ఫాస్ఫేట్ పూత సన్నని స్ఫటికాల పొర. నూనెను పట్టి ఉంచడానికి ఆ గరుకే సాయపడుతుంది, మొదట్లో గరగరమనడానికి కూడా అదే కారణం. భాగాలు ఒరుసుకునే చోట్ల ఆ స్ఫటికాల కొనలు అరిగి యాక్షన్ బార్ల మీద సన్నని మెరిసే గీతలు పడతాయి. సర్దుబాటు జరిగిందనడానికి కంటికి కనిపించే గుర్తు అదే. దీనికి తూటాలు అక్కర్లేదు. తూటా లేని తుపాకిని, డమ్మీ తూటాలతో, సురక్షితమైన వైపు గురిపెట్టి సాయంత్రాలు ఆడిస్తే ఈ గీతలు పడతాయి. ఇన్నిసార్లని లెక్క చెప్పడం కుదరదు, ఒక తుపాకి పూతలా ఇంకోదాని పూత ఉండదు. నాలుగైదు రోజులకోసారి తుడిచి చూస్తే నూనె నల్లగా వస్తుంది, ఆ నలుపు అరిగిన పూతే. నలుపు తగ్గుతూ వచ్చిందంటే ఆ భాగం పని ముగిసినట్టు.

రాపిడి పొడితో దీన్ని వారం నుంచి గంటకు కుదించవచ్చు కదా అన్నది మొదటి అభ్యంతరం. కుదించవచ్చు. కానీ మామూలు ఒరిపిడి ఎత్తుగా ఉన్న కొనల దగ్గర మాత్రమే పనిచేసి, అవి పోగానే నెమ్మదిస్తుంది. రాపిడి పొడి ఎక్కడ ఆగాలో ఎరగదు. తూటాను ఆపే లాచ్‌ల అంచులు, లాకింగ్ బ్లాక్ ముఖం, ట్రిగ్గర్ భాగాలు పొరపాటున అరిగితే తుపాకి నునుపెక్కదు, ప్రమాదకరమవుతుంది. అల్యూమినియం రిసీవర్ అయితే దాని పైనున్న గట్టి ఆనోడైజ్ పొర పోయాక కింద మెత్తటి లోహమే ఉంటుంది. ఆ పొడిని పూర్తిగా కడిగేయకపోతే తుపాకి ఉన్నన్నాళ్లూ అరగదీస్తూనే ఉంటుంది. ఒక్కచోట మాత్రం మెరుగుపెట్టడం న్యాయమైన పనే: ఛాంబర్. చవక తూటాల అడుగు తొడుగు ఇప్పుడు తరచూ ఇత్తడి రంగు పూసిన ఉక్కు. పేలినప్పుడు తొడుగు ఉబ్బి ఛాంబర్ గోడను అంటుకుంటుంది. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి బాగా వెనక్కి ముడుచుకుంటుంది, మెత్తటి ఉక్కు అంతగా ముడుచుకోదు. ఛాంబర్ గోడ మీద తయారీ పనిముట్ల గీతలు ఉంటే ఆ కేసు పట్టేసినట్టు అవుతుంది, ముందుపిడిని ఎంత లాగినా రాదు. అప్పుడు కూడా మొదట చేయవలసింది తూటా మార్చి చూడడం. ఇత్తడి అడుగున్న మంచి తూటాలు హాయిగా వస్తూ, చవకవి మాత్రమే పట్టేస్తుంటే, నాలుగు సున్నాల ఉక్కు పీచును బ్రష్‌కు చుట్టి, కాస్త నూనెతో ఛాంబర్‌లో మాత్రమే తిప్పి గీతల అంచులు మొండి చేయవచ్చు. ఏ తూటా అయినా పట్టేస్తుంటే అది తయారీ లోపం, దాన్ని గన్‌స్మిత్‌కో ఫ్యాక్టరీకో అప్పగించాలి.

మరి పాత మోడల్ 12, 870లో మెరుగుపెట్టిన రకమైన పాత వింగ్‌మాస్టర్ తుపాకులు ముందుపిడిని వదిలేస్తే వాటంతట అవే జారిపోయేంత నునుపుగా ఉంటాయి కదా, దశాబ్దాలు కాల్చి కాల్చి ఫ్రీ అయినవే కదా అని రెండో అభ్యంతరం వస్తుంది. ఇందులో సగం నిజం ఉంది. కానీ అవి కొత్తగా ఉన్నప్పుడే నునుపుగా అమ్ముడుపోయినవి, చేతిపని డబ్బు ధరలోనే కలిసి ఉండేది. పైగా ఇంతకాలం నిలిచి మన కంటబడేవి బాగున్న తుపాకులే. సరిగా లేనివి ఎప్పుడో పాత ఇనుములో కలిసిపోయాయి. గరుకు పూత తుపాకి ఎన్ని వేల తూటాలు కాల్చినా మోడల్ 12 కాదు. కావలసిన అవసరమూ లేదు. గరుకు చేతికి తగులుతుంది, చెవికి వినబడుతుంది, కానీ తూటా ఎక్కే దిగే క్రమం దాని వల్ల మారదు. నునుపు సుఖం కోసం, నమ్మకం పూర్తి లాగుడు కోసం. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే కొన్నవాళ్లు తుపాకి మీద చేయవలసిన దానికన్నా ఎక్కువ పని చేసి, తమ చేతి మీద తక్కువ చేస్తారు.

చేతి పని ఎలా ఉంటుందో చూద్దాం. కొత్తవాళ్లు తుపాకి పేలాక ఒక్క క్షణం ఆగి, తన్నుడు తగ్గాక, భుజం నుంచి కాస్త దించి, మెల్లగా పిడి లాగుతారు. మెల్లగా లాగితే యంత్రానికి మేలని అనుకోవడం సహజం, కానీ ఈ యంత్రానికి అది చెరుపు. ఖాళీ కేసు ఎజెక్టర్‌ను గట్టిగా తాకితేనే ఎగురుతుంది, మెల్లగా తాకితే దొర్లి లోపలే పడుతుంది. తుపాకి తన్నినప్పుడు బరువంతా వెనక్కి వస్తుంది, ముందుచేయి ఆ వేగంతోనే పిడిని వెనక్కి తెచ్చేసి, తన్నుడు తగ్గే సరికి తిరిగి ముందుకు నెట్టేయాలి. మడమ, అంటే తుపాకి చెక్కలో భుజానికి ఆనే వెనక కొస, భుజాన్ని వదలకూడదు, చెంప చెక్కను వదలకూడదు. రెండు చేతులూ ఎదురెదురు దిశల్లో బిగువుగా ఉంటే, అంటే ముందుచేయి పిడిని ముందుకు, కుడిచేయి ట్రిగ్గర్ వెనకున్న చెక్క మెడను వెనక్కి పట్టి ఉంచితే, తన్నుడు భుజానికి తక్కువగా చేరుతుంది, తాళం విడిన వెంటనే లాగడానికి ముందుచేయి సిద్ధంగా ఉంటుంది. ఒక చిన్న చిక్కు ఇక్కడ ఉంది. కాల్చకముందు, బోల్ట్ మూసి ఉన్నప్పుడు పిడి కదలదు, ట్రిగ్గర్ రక్షణ కమ్మీ దగ్గరున్న చిన్న మీటను నొక్కాలి. అది 870లో కమ్మీకి ముందు, మాస్‌బర్గ్ 500లో వెనక ఉంటుంది. ఒక తుపాకికి అలవాటైన వేలు రెండోదాని మీద తడుముకుంటుంది. డమ్మీ తూటాలతో ఇంట్లో చేసే సాధన ఈ వెతుకులాట పోగొడుతుంది. అదే సాధనలో యాక్షన్ బార్ల మీద మెరిసే గీతలూ పడతాయి కాబట్టి యంత్రం, చేయి ఒకే పనిలో సర్దుకుంటాయి. డమ్మీ తూటాలు పెట్టిన బల్ల మీద అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు, అసలు తూటాలు వేరే గదిలో ఉండాలి.

మొదట రెండు వందల బలమైన తూటాలు కాల్చాలన్న సలహా ఇక్కడే పూర్తిగా ఓడిపోతుంది. ఫ్రీ కావలసింది ప్రధానంగా చేయి అయినప్పుడు, 3 అంగుళాల మాగ్నం తూటాలతో మొదలుపెట్టడం కొత్త కోడెకు మొదటి రోజే నిండు బస్తాల బండి కట్టడం లాంటిది. తేలికపాటి తుపాకిలో అవి తన్నే తన్నుకు ఒళ్లు ముందే బిగుసుకుపోవడం నేర్చుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకోవడం, భుజం ముందుకు ఎగదోయడం అలవాటైతే దాన్ని పోగొట్టడానికి నేర్చుకున్నదానికన్నా ఎక్కువ కాలం పడుతుంది. ఒక ఔన్సు గుళ్లున్న 2¾ అంగుళాల తేలిక తూటాలతో పూర్తి లాగుడు చేతికి పట్టుబడ్డాకే బరువు పెంచాలి.

ఇంత సాధన అడిగే తుపాకి ఎందుకు, సెమీ ఆటోమేటిక్ కొనొచ్చు, లేదా రెండు బ్యారెళ్లది కొనొచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒలింపిక్ ట్రాప్ పోటీల్లో పంప్ తుపాకి కనిపించదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పాల్గొన్న హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ ఆడే ఆ ఆటలో గాల్లోకి విసిరే ఒక్కో మట్టి పలకకు రెండో తూటా కాల్చే అవకాశం ఉంటుంది, దానికి ఒకదాని మీద ఒకటిగా రెండు బ్యారెళ్లున్న తుపాకే అనువు, మధ్యలో చేయి కదలనక్కర్లేదు. పంప్ తుపాకి బలం వేరే చోట ఉంది. ధర తక్కువ, తేలిక తూటా నుంచి మాగ్నం దాకా దేన్నయినా సర్దుబాటు లేకుండా నడుపుతుంది, తడిలో, బురదలో, చలిలో లాగే చేయి ఉన్నంతవరకు పనిచేస్తుంది. ఆ సాధన అనేది ఆ తక్కువ ధరలో మనం కట్టని భాగం.

రెండో పెద్ద పని బ్యారెల్‌ను తెలుసుకోవడం, దీన్ని ఎక్కువమంది అసలు చేయరు. షాట్‌గన్ బ్యారెల్ కొసన ఉండే కొద్దిపాటి నొక్కును చోక్ అంటారు. 12 గేజ్‌లో నొక్కు లేనిది సిలిండర్, అంగుళంలో వెయ్యింట పది వంతులు నొక్కితే ఇంప్రూవ్డ్ సిలిండర్, ఇరవై వంతులైతే మాడిఫైడ్, ముప్పై అయిదు దాటితే ఫుల్. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో పడే గుళ్ల శాతం వీటికి వరసగా 40, 50, 60, 70 అని లెక్క. ఈ అంకెలు చోక్ మీద చెక్కిన మాటకు చెందినవి, మీ బ్యారెల్‌కు కావు. ఒకే చోక్, ఒకే నెంబరు గుళ్లు, రెండు వేర్వేరు కంపెనీల తూటాలు వాడితే రెండు వేరు వేరు చిమ్ములు వస్తాయి. దీన్ని తేల్చడానికి నాలుగు అడుగుల చదరం కాగితం చాలు. మధ్యలో చుక్క పెట్టి, 40 గజాల నుంచి ఆ చుక్కను చూసి ఒక్క తూటా కాల్చాలి. తరవాత కాగితం దించి, గుళ్లు దట్టంగా పడ్డ చోటు మధ్యగా 30 అంగుళాల వలయం గీయాలి. దారానికి పెన్సిల్ కట్టి గీసినా సరిపోతుంది. ఆ వలయంలోని బెజ్జాలను ఒక్కొక్కటీ పెన్సిల్‌తో కొట్టేస్తూ లెక్కపెట్టాలి. ఔన్సుకు 7½ నెంబరు సీసపు గుళ్లు సుమారు 350 వస్తాయి, 1⅛ ఔన్సుల తూటాలో దాదాపు 390 ఉంటాయి. మాడిఫైడ్ చోక్‌తో 235 దరిదాపు బెజ్జాలు వస్తే మాటకు తగ్గ చోక్. 280 వస్తే అది ఫుల్‌గా పనిచేస్తోంది. ఒక కాగితంతో తీర్పు చెప్పకూడదు, అయిదారు కాగితాల సగటు చూడాలి, తూటా తూటాకూ తేడా ఉంటుంది. సంఖ్యతో పాటు ఖాళీలనూ చూడాలి. అరచేయంత చోట్లు ఖాళీగా మిగిలితే మట్టి పలకైనా, పక్షైనా ఆ ఖాళీలోంచి తప్పించుకుంటుంది.

అదే కాగితం ఇంకో సంగతి చెబుతుంది. గీసిన వలయం మధ్యబిందువు మీరు చూసిన చుక్క మీద పడిందా, పక్కకు జరిగిందా? షాట్‌గన్‌కు వెనక గురిచూపు ఉండదు, ఆ పని చేసేది కన్ను. చెంప చెక్క మీద ఎత్తుగా ఆనితే కన్ను పైకి లేస్తుంది, గుళ్లు పైకి పోతాయి. లోతుగా ఆనితే కిందికి. మడమ పొడవు ఎక్కువైతే బట్టలకు తగులుకుంటుంది, తక్కువైతే బొటనవేలు ముక్కుకు కొడుతుంది. పంప్ తుపాకులను సగటు అమెరికన్ మగవాడి కొలతకు చేస్తారు, కాబట్టి పొట్టివాళ్లు, చాలామంది ఆడవాళ్లు మడమను కురచ చేయించుకోవలసి ఉంటుంది. తుపాకి వంకర కాలుస్తోందని బ్యారెల్‌ను నిందించే ముందు ఈ కొలతలు చూసుకోవాలి. అలాగే గుళ్ల లోహం మారినా కాగితం మళ్లీ పెట్టాలి. అమెరికాలో 1991 నుంచి బాతుల వంటి నీటిపక్షుల వేటకు సీసపు గుళ్లు దేశమంతటా నిషేధం, ఉక్కు గుళ్లే ఎక్కువగా వాడతారు. ఉక్కు సీసం కన్నా తేలిక, సాంద్రత 11.3కి బదులు 7.8 దగ్గర ఉంటుంది, కాబట్టి పెద్ద పరిమాణపు గుళ్లు కావాలి. గట్టిది కాబట్టి గుళ్లు వంకరపోవు, చిమ్ము బిగువుగా పడుతుంది. ఫుల్ చోక్‌లో ఉక్కును వాడే ముందు ఆ చోక్ దానికి తగినదా అని తుపాకి పుస్తకంలో చూడాలి.

తూటాల పొడవు విషయంలో ఒక హెచ్చరికకు ఇక్కడ చోటివ్వాలి. పెట్టె మీద రాసిన పొడవు పేలి, మూతి విచ్చుకున్నాక వచ్చే పొడవు. అందువల్ల 3 అంగుళాల తూటా 2¾ అంగుళాల ఛాంబర్‌లో తేలిగ్గానే కూర్చుంటుంది, పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు లేక ఒత్తిడి హద్దు దాటుతుంది. ఛాంబర్ పొడవు బ్యారెల్ పక్కన చెక్కి ఉంటుంది, దాన్నే నమ్మాలి. అంతకన్నా పెద్ద ప్రమాదం 20 గేజ్ తూటాది. అది 12 గేజ్ ఛాంబర్‌లోంచి జారి బ్యారెల్‌లో కాస్త ముందు ఇరుక్కుంటుంది. పేలలేదనుకుని వెనక 12 గేజ్ తూటా ఎక్కించి కాలిస్తే బ్యారెల్ పేలిపోతుంది. 20 గేజ్ తూటాలను పసుపు రంగులో తయారుచేసేది ఇందుకే. ఇంట్లో రెండు గేజ్‌ల తుపాకులు ఉంటే ఒక జేబులో రెండు రంగులు ఎన్నడూ కలవకూడదు.

తెలుగునాట షాట్‌గన్ అంటే గుర్తుకొచ్చేది బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు పట్టుకునే 12 బోర్ డబుల్ బ్యారెల్. 12 బోర్ అన్నా, 12 గేజ్ అన్నా ఒక్కటే. బ్యారెల్ వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌండు తూగుతాయని ఆ పేరు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే ఇక్కడ తుపాకి గానీ తూటా గానీ ఉంచుకోకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణతో వేట ముగిసింది. కాబట్టి ఈ తుపాకిని సొంతంగా కొని, సాధన చేసే తెలుగువాళ్లలో అమెరికాలో స్థిరపడి మట్టి పలకల రేంజిలకు వెళ్లేవాళ్లు ఉంటారు. అక్కడ కూడా రాష్ట్రానికొక చట్టం, వీసాను బట్టి వేరు నిబంధన ఉంటాయి, కొనే ముందు చూసుకోవాలి. సాధన అయ్యాక తుపాకి ఖాళీ చేసి, తాళం వేసిన అల్మారాలో, తూటాలు వేరే తాళంలో పెట్టాలి. కాల్చిన కాగితాల మీద తారీఖు, తూటా పెట్టె మీది పేరు, చోక్ పేరు, దూరం, వలయంలో పడ్డ గుళ్ల లెక్క రాసి ఒక ఫైల్లో ఉంచితే, తూటా రకం మారిన రోజు పోల్చడానికి పాత కాగితం చేతికి దొరుకుతుంది.